గది దొరికితేనే చదువు
(కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాస పాఠం, శ్రీకాళహస్తి)

రామలింగారెడ్డిగారి స్మృతిలో మాట్లాడమంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి ‘ముసలమ్మ మరణము’, ‘కవిత్వతత్త్వ విచారము’. విమర్శకుడిగా ఆయన తెచ్చిన కొత్త చూపు మీద మన భాషలో మంచి వ్యాసాలు చాలా వచ్చాయి. ఇవాళ ఆయన చేసిన ఇంకో పనిని మీ ముందు పెట్టాలనుకుంటున్నాను. 1880లో చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టిన ఈ మనిషి 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆ పదవిని వదులుకున్నారు. 1936లో మళ్ళీ వచ్చి 1949 దాకా విశ్వవిద్యాలయాన్ని నడిపారు. సముద్రం ఒడ్డున ఒక చిన్న పట్టణంలో విశ్వవిద్యాలయం పెరిగి పెద్దదైన తీరులో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. విద్యార్థి ఎక్కడ పడుకుంటాడు, ఏం తింటాడు, రాత్రి పదింటికి ఎవరితో వాదిస్తాడు అన్న ప్రశ్నలను మనం చదువుకు బయటివిగా లెక్కగడుతున్నాం. అవి చదువు లోపలివే. విద్యార్థికి ఉండడానికి చోటు చూపించలేని విశ్వవిద్యాలయం అతనికి సీటు ఇచ్చినా ఇవ్వనట్టే. నా వాదమంతా ఇదే. దీనికి ఆధారాలు చూపించి, ఎదురు వచ్చే అభ్యంతరాలకు జవాబు చెప్పి, చివరికి మన ఊరి సంగతికి వస్తాను.

1926లో విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైంది. శాశ్వత స్థానం ఎక్కడన్న దాని మీద పెద్ద పోట్లాటే నడిచింది. బెజవాడ రైళ్ళ కూడలి, రాజమండ్రి నన్నయ నాటి నుంచీ సాహిత్యానికి పేరు, అనంతపురం దత్తమండలాల ఆశ. అవన్నీ ఉండగా చివరకు 1930లో విశాఖపట్నంలోని వాల్తేరు మెట్ట మీదికి వెళ్ళింది. అప్పటి విశాఖపట్నాన్ని ఇప్పటి మహానగరంతో పోల్చుకోకూడదు. 1931 జనాభా లెక్కల్లో ఆ పట్టణంలో ఉన్నది సుమారు 57 వేల మంది. ఓడరేవు లాంఛనంగా తెరుచుకున్నదే 1933లో. 1923 నుంచి ఒక వైద్య కళాశాల, ఒక పెద్దాసుపత్రి, కొండలు, జాలరిపల్లెలు, కింద సముద్రం. ఇంత చిన్నచోట పెద్ద విశ్వవిద్యాలయం ఏమిటని అడిగినవాళ్ళది అర్థంలేని ప్రశ్న కాదు. దానికి జవాబు తర్వాతి పదిహేనేళ్ళలో దొరికింది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల చొప్పున ఇచ్చిన విరాళంతో విజ్ఞాన, సాంకేతిక కళాశాల నిలబడింది. 1931 నుంచి 1936 దాకా వైస్ ఛాన్సలర్‌గా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ దేశం నలుమూలల నుంచి యువ అధ్యాపకులను ఏరికోరి తెచ్చారు. ఆయన తిరుత్తణిలో పుట్టినవారు, తిరుపతి మిషన్ స్కూల్లో చదివినవారు. ఆ తీర విశ్వవిద్యాలయాన్ని తీర్చిదిద్దిన ఇద్దరూ మన వైపు వాళ్ళే.

చిన్న ఊరు ఏమిచ్చిందో చూడాలంటే ఆ రోజుల అధ్యాపకుల పేర్లు చూస్తే చాలు. భౌతికశాస్త్రంలో రామన్ శిష్యుడు సూరి భగవంతం, రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి, తత్త్వశాస్త్రంలో బెంగాల్ నుంచి వచ్చిన హుమాయూన్ కబీర్, చరిత్రలో హిరేన్ ముఖర్జీ, తెలుగులో పింగళి లక్ష్మీకాంతం. గ్రంథాలయం అబ్బూరి రామకృష్ణరావు చేతిలో ఉండేది. ఆయన పుస్తకాలు అందించడంతో ఆగకుండా విద్యార్థుల చేత నాటకాలు ఆడించారు. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి ఉపన్యసించారు. మద్రాసు లాంటి నగరంలో ఇంతమంది ఉన్నా, సాయంత్రం అయ్యేసరికి ఎవరి పేటకు వాళ్ళు చెదిరిపోతారు. వాల్తేరులో చెదిరిపోవడానికి చోటు లేదు. పాఠం చెప్పిన మనిషే సాయంత్రం మెట్ట దారిలో ఎదురవుతాడు. తరగతిలో అడగలేకపోయిన ప్రశ్న అక్కడ అడగొచ్చు. ఫిజిక్సు కుర్రాడూ తెలుగు ఆనర్సు కుర్రాడూ ఒకే వరండాలో పడుకుంటారు. ప్రపంచ గణాంకశాస్త్రంలో పెద్ద పేరుగా నిలిచిన సి.ఆర్. రావు గణితం ఎం.ఏ. చేసింది ఆ రోజుల్లో అక్కడే. ఒక్క మనిషి ప్రతిభకు ఊరే కారణమని చెప్పడం తప్పు. కానీ ప్రతిభ ఉన్నవాళ్ళను ఒకచోట కూర్చి, వాళ్ళ సాయంత్రాలను కూడా చదువులో కలపగలగడం చిన్న ఊరికి ఉన్న బలం. కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన రామలింగారెడ్డిగారికి ఆ బలం సంగతి బాగా తెలుసు.

ఇంతవరకూ చెప్పింది ఆ కథలో వెలుగున్న భాగం. ఆ వెలుగు అందనివాళ్ళు ఎవరన్నది అసలైన పరీక్ష. ఆ పరీక్ష పెట్టినవారు దుర్గాబాయి. రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి వచ్చి, బెనారస్ పరీక్షలు రాసి ఆమె రాజనీతిశాస్త్రం ఆనర్సులో చేరడానికి వాల్తేరుకు దరఖాస్తు చేశారు. ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోలేమన్నది జవాబు. అప్పుడు వైస్ ఛాన్సలర్ రామలింగారెడ్డిగారే. దుర్గాబాయి ఆత్మకథలో ఈ సంగతి రాసుకున్నారు. హాస్టలు లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలు తనకు రాయాలని ఆమె పత్రికల్లో ప్రకటన వేశారు. రాసినవాళ్ళను కూడగట్టి, తామే ఒక వసతి ఏర్పాటు చేసుకుని, ఇప్పుడు చేర్చుకోమని మళ్ళీ అడిగారు. అడ్డు చెప్పడానికి ఇక కారణం మిగలలేదు. ఆమె బి.ఏ. ఆనర్సు పూర్తిచేసి, మద్రాసులో లా చదివి, రాజ్యాంగసభలో కూర్చున్నారు. తర్వాత దేశం మొత్తం మీద స్త్రీ విద్యను పరిశీలించిన జాతీయ సంఘానికి అధ్యక్షత వహించారు.

ఈ ఉదంతాన్ని ఒక ధీరవనిత గెలుపుగా చెప్పుకుని చప్పట్లు కొట్టి వదిలేస్తున్నాం. అందులో ఉన్న నిజం అంతకన్నా గట్టిది. విశ్వవిద్యాలయ నిబంధనల్లో స్త్రీలకు ప్రవేశం లేదన్న వాక్యం ఎక్కడా లేదు. ప్రొఫెసర్లు పాఠం చెప్పనని అనలేదు. ఫీజు అడ్డు రాలేదు. అడ్డొచ్చింది నాలుగు గదులు, ఒక వంటిల్లు, ఒక గేటు. అవి లేకపోవడమే నిషేధమై కూర్చుంది. రామలింగారెడ్డిగారు స్త్రీ విద్యకు వ్యతిరేకి అని దీన్నిబట్టి ఎవరూ అనుకోనక్కర్లేదు. దూరాన్నుంచి వచ్చే ఆడపిల్లను ఎక్కడ ఉంచాలో తెలియక, బాధ్యతకు జంకి ఆయన కాదన్నారు. అంత ఉదారుడైన మనిషి కూడా గదులు లేవన్న మాట దగ్గర ఆగిపోయారంటే, అంత ఉదారులు కాని పాలకులు ఎక్కడ ఆగుతారో ఊహించుకోవచ్చు. ఆయన స్మృతికి మనం చేయగల మంచి గౌరవం ఆయన ఆగిన చోటు నుంచి ముందుకు నడవడం.

సముద్రం ఒడ్డున చిన్న ఊళ్ళో విశ్వవిద్యాలయం పెట్టి ఇదే ప్రశ్నకు ఇంకోలా జవాబు చెప్పినవాళ్ళున్నారు. బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతానికి తనదైన భాష ఉంది, సొంత విశ్వవిద్యాలయం మాత్రం చాలాకాలం లేదు. 1872లో అబెరిస్ట్‌విత్ అనే తీరపట్టణంలో, కట్టడం పూర్తికాని ఒక హోటలు భవనాన్ని కొని కళాశాల తెరిచారు. మొదట చేరింది 26 మంది. గనికార్మికులు, రైతులు, చిన్నచిన్న పనివాళ్ళు ప్రార్థనామందిరాల్లో చందాలు వేసి దాన్ని బతికించారు. ఆడపిల్లల కోసం 1896లో అలెగ్జాండ్రా హాల్ అని పెద్ద వసతిగృహం కట్టారు. తర్వాత వేల్స్ జాతీయ గ్రంథాలయం కూడా ఆ ఊరికే వచ్చింది. దుర్గాబాయి వాల్తేరులో గది కోసం పత్రికల్లో ప్రకటన వేయడానికి నలభై ఏళ్ళ ముందే అక్కడ ఆ గది సిద్ధంగా ఉంది. వాల్తేరు మెట్టకైనా అబెరిస్ట్‌విత్ ఒడ్డుకైనా సముద్రం ఒకటే. తేడా వచ్చింది డబ్బు ముందు దేని మీద ఖర్చుపెట్టాలన్న ఆలోచనలో.

ఇక అభ్యంతరాలకు వస్తాను. మొదటిది మన రాయలసీమ నుంచి వచ్చిందే, చాలా బలమైనది కూడా. ఎక్కడో ఉత్తరపు కొసన సముద్రం ఒడ్డున విశ్వవిద్యాలయం పెడితే కాళహస్తి కుర్రాడికీ మదనపల్లె అమ్మాయికీ ఏమి ఒరిగింది? కాళహస్తి నుంచి వాల్తేరు సుమారు ఏడు వందల కిలోమీటర్లు. మద్రాసు నూట పాతిక కిలోమీటర్ల లోపే. దత్తమండలాల, చిత్తూరు కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం నీడలోనే ఉండిపోయాయి. మన జిల్లా మనుషులు ఇద్దరు నడిపిన విశ్వవిద్యాలయంలోకి మన జిల్లా విద్యార్థి వెళ్ళగలిగింది తక్కువ. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో నీటి వాటా, రాజధాని, హైకోర్టులతో పాటు విశ్వవిద్యాలయ కేంద్రం అనంతపురంలోనూ పెంచాలన్న షరతు ఎందుకొచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. సాగునీటి పక్కన చదువును పెట్టి అడిగిన ఆ పెద్దల చూపు చాలా దూరం చూసింది. ఈ అభ్యంతరాన్ని నేను కొట్టివేయను, పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే ఇది నా వాదాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. దూరం ఒక్కటే అడ్డయితే బనారసుకూ కలకత్తాకూ మనవాళ్ళు వెళ్ళలేదా? వెళ్ళారు. అక్కడ ఉండగలిగే స్తోమతున్నవాళ్ళు వెళ్ళారు. స్తోమత లేనివాడికి దూరం గోడ అవుతుంది, హాస్టలూ ఉపకారవేతనమూ ఆ గోడలో తలుపు తెరుస్తాయి. వాల్తేరును సీమకు దూరం చేసినవి మైళ్ళు కొంతే, తలుపు లేకపోవడం చాలా.

ఆ అన్యాయానికి జవాబుగానే 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం వెయ్యెకరాల దాకా స్థలం ఇచ్చింది. ఎస్. గోవిందరాజులు నాయుడు మొదటి వైస్ ఛాన్సలర్. వాల్తేరులో తెలుగు ఆనర్సుకు ప్రాణం పోసిన పింగళి లక్ష్మీకాంతంగారు తర్వాతి కాలంలో ఇక్కడ ఆచార్యులుగా పనిచేశారు. కరువు జిల్లాల పిల్లలకు ఇక్కడి హాస్టలు గది ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు. ఇంటి దగ్గర పంట పోయిన ఏడాది కూడా చదువు సాగేలా చూసింది ఆ గదే. తర్వాత అనంతపురం పి.జి. కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది, 1983లో తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. దుర్గాబాయి వేసిన ప్రశ్నకు ఇది నలభై ఏళ్ళు దాటాక మన గడ్డ మీద వచ్చిన జవాబు. 2008లో బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం, నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కూడా పుట్టాయి. తీరం వెంబడి చిన్న పట్టణాలకు విశ్వవిద్యాలయాలు నడిచి వచ్చాయి. సంఖ్యలో మనం గెలిచాం. పేరు, బోర్డు, జీవో ముందు వచ్చి, గదులూ గ్రంథాలయమూ ఏళ్ళ తరబడి వెనక నడిచివచ్చే పద్ధతిలో మాత్రం ఇంకా ఓడిపోతూనే ఉన్నాం.

రెండో అభ్యంతరం ఈ కాలానిది. ఇప్పుడు ప్రతి మండలానికీ కాలేజీ ఉంది, ప్రతి కాలేజీకీ బస్సుంది, ప్రతి చేతిలో ఫోనుంది. తెల్లారి బస్సెక్కి సాయంత్రం ఇంటికి చేరే పిల్లవాడికి హాస్టలెందుకు? వినడానికి బాగానే ఉంటుంది, లెక్క వేస్తే తేలిపోతుంది. ఆరున్నరకు ఊరి సెంటర్లో బస్సు కోసం నిలబడి, రాత్రి ఏడింటికి దిగే విద్యార్థికి రోజుకు నాలుగు గంటలకు పైగా రోడ్డు మీదే పోతాయి. నాలుగున్నరకు ఆఖరి బెల్లు, నాలుగు నలభైకి బస్సు. గ్రంథాలయం తెరిచున్నా అందులో కూర్చునే గంట అతని చేతిలో లేదు. ప్రయోగం మధ్యలో ఆగిపోతుంది, చర్చ మొదలే కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అతని స్నేహాలన్నీ తన రూటు బస్సులోని స్నేహాలే. శ్రీకాకుళం పిల్లవాడి మాటతీరు, పల్నాటి పిల్లవాడి కోపం, ఆదోని పిల్లవాడి దాహం అతనికి తెలియకుండానే డిగ్రీ పూర్తవుతుంది. ఆడపిల్ల విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. ఇంటికొచ్చాక ఆమెకు ఎదురయ్యేది పుస్తకం కాదు, ఇంటిపని. ఫోనులో పాఠం వినొచ్చు. వాదన వినిపించడానికి ఎదురుగా మనిషి ఉండాలి.

విశ్వవిద్యాలయ హాస్టలు ఏం నేర్పుతుందో చెప్పడానికి మెస్సు ఒక్కటి చాలు. మనవైపు హాస్టళ్ళలో డివైడింగ్ మెస్సు అంటారు. నెల మొత్తానికి బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, గ్యాసు, వంటవాళ్ళ జీతాలు కూడి, ఎవరెవరు ఎన్ని రోజులు తిన్నారో లెక్కగట్టి పంచుతారు. విద్యార్థుల్లోంచే ఒకరు మెస్సు కార్యదర్శి అవుతారు. మార్కెట్లో టమాటా ధర పెరిగిన నెల బిల్లు పెరుగుతుంది. నోటీసు బోర్డు మీద లెక్క పెట్టగానే పదిమంది చుట్టూ చేరి ప్రశ్నలు వేస్తారు. ఇంటికి పోయిన రోజులకు కోత ఇవ్వలేదేమని ఒకడు, ఆదివారం కోడికూర ఖర్చు తినని వాళ్ళ మీద ఎందుకు వేశారని ఇంకొకడు. బిల్లు కట్టలేని స్నేహితుడి పేరు గుట్టుగా పక్కన పెట్టి, తామే నలుగురు వేసుకుని కట్టే సందర్భాలూ ఉంటాయి. పద్దు రాయడం, జవాబు చెప్పడం, అనుమానం వచ్చినా మాట తూలకపోవడం, పోట్లాడినవాడి పక్కనే రాత్రికి కూర్చుని తినడం ఇందులో ఉన్నాయి. రాజనీతిశాస్త్రం పరీక్షలో ప్రజాస్వామ్యం మీద పది మార్కుల ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు అసలు జవాబు ఆ నోటీసు బోర్డు దగ్గర నేర్చుకున్నవాడికే తెలుస్తుంది.

మూడో అభ్యంతరం ఇలా ఉంటుంది: ఊరికి దూరంగా, గోడ కట్టుకున్న ఆవరణలో పెరిగిన విద్యార్థి సమాజానికి పరాయివాడవుతాడు. లేదంటే అక్కడ రాజకీయాలు మరిగి చదువు పాడవుతుంది. ఈ రెండూ ఒకే నోట వస్తుంటాయి. సమాజంతో సంబంధం లేదని ఒకసారి, మరీ ఎక్కువైందని ఇంకోసారి. ఒకదాన్నొకటి కొట్టేసుకునే మాటలివి. తీరపట్టణాల చరిత్ర మనకు చెప్పేది వేరు. బందరులో పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉండి ఆడపిల్లలను తరగతుల్లోకి తెచ్చారు. పిఠాపురం మహారాజా సాయంతో అంటరానివాళ్ళని ఊరు వెలివేసిన పిల్లలకు హాస్టలు నడిపించారు. ఊరంతా వద్దన్న పని కాలేజీ మనుషులు చేశారు, ఊళ్ళోనే ఉండి చేశారు. 1966లో విశాఖ ఉక్కు కోసం ఉద్యమం లేచినప్పుడు విశ్వవిద్యాలయ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఆ ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ఫ్యాక్టరీ ఎన్ని వేల ఇళ్ళకు అన్నం పెట్టిందో ఆంధ్రదేశమంతా చూసింది. విద్యార్థి రాజకీయాల్లో తప్పులు జరగలేదని అనను. కాని తప్పు చేసే స్వేచ్ఛ లేకుండా పౌరుడు తయారవుతాడని నమ్మడం మనల్ని మనం మోసం చేసుకోవడం.

నాలుగో అభ్యంతరాన్ని తల్లిదండ్రుల భయంగా వింటాం, అది న్యాయమైన భయం. హాస్టళ్ళలో ర్యాగింగ్ ఉంది, కులం ఉంది, మత్తు ఉంది. నిజమే. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ మన రాష్ట్రం 1997లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. కులం పేరిట వేరువేరు హాస్టళ్ళు, వేరువేరు బంతులు మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచీ మన వెంట వచ్చాయి. వాటికి విరుగుడు హాస్టలు మూసేయడం కాదు. హాస్టలు లేని చోట కులం పోలేదు. అద్దె గది వెతికే విద్యార్థిని ఇంటిపేరు అడిగే యజమాని దగ్గర అది ఇంకా ధైర్యంగా ఉంది. ప్రభుత్వ హాస్టల్లో గదిని కులం చూడకుండా చీటీ తీసి కేటాయించవచ్చు, వార్డెన్‌ను ప్రశ్నించవచ్చు, చట్టం చూపించవచ్చు. వీధిలో యజమానిని అలా ప్రశ్నించే దారి లేదు. మంచి చదువుకు మంచి కాపలా కావాలి. ఆ కాపలాకు డబ్బు, వార్డెనుగా పనిచేసే అధ్యాపకుడికి కొంత గౌరవం, కొంత తీరిక కావాలి. ఇవి ఇవ్వకుండా చెడును చూపించి మంచిని రద్దు చేయడం సోమరితనం.

ఇంకో చురుకైన ప్రశ్న కూడా వస్తుంది. 1942 ఏప్రిల్‌లో జపాను బాంబులు విశాఖ మీద పడ్డాయి. తర్వాత విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. యుద్ధం ముగిసేదాకా సముద్రం లేదు, మెట్ట లేదు, అయినా విశ్వవిద్యాలయం బతికింది. అలాంటప్పుడు స్థలానికీ వసతికీ ఇంత ప్రాముఖ్యం ఎందుకు? నా జవాబు ఏమిటంటే, నేను సముద్రాన్ని పొగడడం లేదు. సముద్రం అందమైనది, కానీ అది ఎవరికీ డిగ్రీ ఇవ్వదు. అక్కడ నాటుకున్నది కలిసి బతికే అలవాటు. ఆ అలవాటు పన్నెండేళ్ళపాటు మెట్ట మీద కుదురుకుంది కాబట్టే పెట్టెల్లో సర్ది గుంటూరుకు మోసుకుపోగలిగారు, తిరిగి తెచ్చుకోగలిగారు. అలవాటే లేని విశ్వవిద్యాలయాన్ని ఎంత పెద్ద భవనంలో పెట్టినా అది పరీక్షా కేంద్రంగానే మిగులుతుంది.

చివరి అభ్యంతరం డబ్బు. ఫీజు రీయింబర్స్‌మెంటు ఎందరో పేదపిల్లలను కాలేజీ గేటు దాటించింది, ఆ మేలు చిన్నది కాదు. ఫీజుతో పాటు వసతికి కూడా సాయం చేయాలన్న ఆలోచన మన రాష్ట్రంలో వచ్చింది. 2020లో డిగ్రీ, ఆ పై చదువుల విద్యార్థికి వసతి, భోజనాల కోసం ఏడాదికి 20 వేల రూపాయల దాకా ఇచ్చే పథకం మొదలైంది. వసతి కూడా చదువేనని ప్రభుత్వం ఒప్పుకున్నందుకు సంతోషించాలి. కానీ 20 వేలంటే నెలకు 1,667 రూపాయలు. ఆ డబ్బుతో ఏ పట్టణంలో గదీ, మూడుపూటల తిండీ రెండూ వస్తాయో ఎవరైనా చూపించగలరా? గదులే లేని చోట డబ్బు ఇవ్వడం అద్దెలను పెంచడానికి పనికొస్తుంది. ఒక హాస్టలు కడితే యాభై ఏళ్ళు నిలుస్తుంది, ఒక తరం తర్వాత ఒక తరానికి పనికొస్తుంది. కాబట్టి కొత్త విశ్వవిద్యాలయం పెట్టేటప్పుడు పరిపాలనా భవనం కన్నా ముందు ఆడపిల్లల హాస్టలు కట్టాలి. రెండోది రాత్రి పదకొండు దాకా తెరిచుండే గ్రంథాలయం. వైస్ ఛాన్సలర్ కొన్నాళ్ళు అద్దె ఇంట్లో కూర్చుని పని చేసినా చదువుకు నష్టం లేదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఈ ఊరు ఇన్నాళ్ళూ యాత్రికుల ఊరు, ధూర్జటి ఊరు, కలంకారీ ఊరు. 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ, ఐసర్ సంస్థల శాశ్వత ప్రాంగణాలు ఏర్పేడు వైపు, మనకు కూతవేటు దూరంలో ఉన్నాయి. దేశం నలుమూలల పిల్లలు వస్తున్నారు. ఒకప్పుడు వాల్తేరుకు దొరికిన అవకాశం ఇప్పుడు మన గుమ్మంలోకి వచ్చింది. విద్యార్థులు వచ్చినంత మాత్రాన ఏ ఊరూ విశ్వవిద్యాలయ పట్టణం కాదు. వాళ్ళకూ ఊరికీ రాకపోకలు ఉండాలి. ఆ ప్రాంగణాల్లో చదివేవాళ్ళకు గదులున్నాయి. ఊళ్ళోని డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీలకు వరదయ్యపాళెం నుంచి, తొట్టంబేడు నుంచి, వెంకటగిరి వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లలకు మాత్రం గది వెతుక్కోక తప్పదు. ఒకే గాలి పీల్చే ఇద్దరు విద్యార్థుల మధ్య ఇంత ఎడం మంచిది కాదు.

కలంకారీ వృత్తి మనకు ఈ విషయంలో మంచి సాక్ష్యం. ఈ కళకు తెలుగునాట రెండు పుట్టిళ్ళున్నాయి. సముద్రం ఒడ్డున బందరు వైపు అచ్చులతో అద్దుతారు, మనం కలంతో రాస్తాం. మన దగ్గర ఆరిపోబోతున్న ఈ విద్యను కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1957లో పెట్టిన శిక్షణ కేంద్రం నిలబెట్టింది. బట్టను కరక్కాయ, గేదెపాలలో తడిపి ఎండబెడతారు. చింతపుల్ల బొగ్గుతో రేఖ గీస్తారు. బెల్లంలో ఇనుము నానబెట్టి, రోజులు గడిచాక తీసిన నల్లటి కసిమితో కలం నడుపుతారు. పటిక అద్ది, రంగు ఉడికించి, పారే నీటిలో ఉతుకుతారు. కసిమి ఎప్పుడు పండిందో వాసన చూసి చెప్పాలి, ఏటి నీరు ఏ రోజు బాగుందో చూసి ఉతకాలి. వారానికి మూడు పీరియడ్ల టైంటేబుల్లో ఇది రాదు. గురువు ఇంటి దగ్గరే మకాం పెట్టినవాడికి వస్తుంది. రసాయనశాస్త్ర ప్రయోగశాలకైనా, పాత తాళపత్రాల అధ్యయనానికైనా ఇదే సూత్రం. పని జరిగే చోట, పని జరిగే వేళకు మనిషి ఉండాలి. ఉండాలంటే చోటుండాలి.

చోటివ్వడం కాళహస్తికి కొత్త కాదు. రాహుకేతు పూజకు వచ్చిన ఏ ఊరి మనిషికైనా ఈ ఊరు తెల్లవారుజామున మూడింటికి కూడా గది తెరుస్తుంది, కులం అడగకుండా తాళం చెవి ఇస్తుంది. ఒక్క పూట ఉండిపోయే మనిషికి ఇచ్చే ఆ మర్యాద మూడేళ్ళు ఉండే విద్యార్థికి కూడా ఇవ్వాలని కోరుతున్నాను. పురపాలక సంఘం, దేవస్థానం, కాలేజీలు కలిసి ఊళ్ళో ఆడపిల్లలకొకటి, మగపిల్లలకొకటి హాస్టళ్ళు కట్టించాలి. వాటిలో గదులు చీటీ తీసి ఇవ్వాలి. రాత్రి దాకా తెరిచుండే చదువుల గది ఒకటి ఊరి నడుమ ఉండాలి. ఏర్పేడు సంస్థల గ్రంథాలయాలు, ఉపన్యాసాలు నెలకొక్కసారైనా ఊరివాళ్ళకు తెరవాలని ఆ సంస్థలను అడగాలి, వాళ్ళ విద్యార్థులను మన బడులకు పిలవాలి. ఇళ్ళ యజమానులు గది అద్దెకిచ్చేటప్పుడు పిల్లవాడి కులం కాక అతను చదివే పుస్తకం పేరు అడగాలి. హాస్టళ్ళు తప్ప ఇందులో ఏదీ కోట్లు కావలసిన పని కాదు. రామలింగారెడ్డిగారు వాల్తేరులో ఆగిన చోటు మనకు తెలుసు, దుర్గాబాయి దాన్ని దాటిన తీరు కూడా తెలుసు. ఇకమీదట గది లేదన్న కారణంతో ఒక్క అమ్మాయి, ఒక్క అబ్బాయి కూడా కాళహస్తి నుంచి చదువు మానుకుని వెనక్కి వెళ్ళకూడదు. ఆ బాధ్యత ప్రభుత్వంతో పాటు ఈ సభలో కూర్చున్న మనందరిదీ.